రోజుకో చిన్న మేలు: మన అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాదికి మేడ మీద పచ్చడి తింటూ అనుకున్న మాట గుర్తుండే ఉంటుంది. ప్రతి ఇంట్లోంచి రోజుకో చిన్న మేలు జరగాలి, డబ్బు ఖర్చు లేనిదైతే మరీ మంచిది. లిఫ్టు మరమ్మతు, బోరు మోటారు, మెట్లకు రంగులు వగైరాలన్నీ జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోకుండా, ఆ ఒక్క మాట ఏమైందో రాస్తున్నాం.

'21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది' అని మొదట్లో చాలామంది ధీమాగా అన్నారు. అంత తేలిక కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాల పాటు గమనిస్తే, కొత్త పని అలవాటుగా మారడానికి సుమారు 66 రోజులు పడుతుందని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని ఆ లెక్కల మీద వాళ్లు వేసిన అంచనా. మధ్యలో ఒకరోజు తప్పితే కొంప మునిగేదేమీ లేదట. అవి తిండికి, నీళ్లకు, వ్యాయామానికి సంబంధించిన అలవాట్లే అయినా, కొత్త పనిని 'టిఫిన్ అయ్యాక' లాంటి రోజువారీ సందర్భానికి ముడిపెట్టడం అన్న పద్ధతి మనకు బాగా పనికొచ్చింది. 'అందరికీ మంచి చేద్దాం' అనుకున్న ఇళ్లలో వారం తిరక్కుండానే ఆ ఊపు చల్లారింది. పాల ప్యాకెట్టుకో చెత్త బుట్టకో ముడిపెట్టుకున్న ఇళ్లలో మాత్రం నిలబడింది.

చెత్త సంగతే తీసుకోండి. పొద్దున్నే బండి మీద వచ్చే ఆవిడ మన సంచులను చేత్తోనే విప్పి వేరు చేస్తుంది. ఒకరోజు పగిలిన గ్లాసు పెంకు గుచ్చుకుని, బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని పక్క వీధికి వెళ్లిపోయింది. అది చూసినవాళ్లు పెంకుల్ని పాత పేపర్లో నాలుగు మడతలు చుట్టి, పైన ఎర్ర స్కెచ్చుతో 'గాజు' అని రాసి విడిగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలే రాస్తున్నారు. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అంటే ఇందులో సగం మనం ఎప్పుడో చేయాల్సిన పనే.

వేసవిలో గేటు పక్కన చలివేంద్రం పెట్టాం. రిబ్బను కట్టి ఫొటో దిగడం ఒక్కపూట పని. కుండలు రోజూ కడిగి నింపాలి, గ్లాసులు తోమాలి, మూత మీద గుడ్డ తడిపి కప్పాలి. అసలు సేవ అదే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా వంతు తప్పని ఇళ్లవాళ్లు తమ పేర్లు రాయొద్దన్నారు. కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వచ్చినవాళ్లందరికీ ఏళ్ల తరబడి వండి వడ్డించారని మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ ఓపికలో పిసరంత ఉన్నా కుండలు ఎండవు.

డెలివరీ కుర్రాళ్లు లిఫ్టు వాడకూడదన్న బోర్డును జూన్‌లో తీసేశాం. ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు, మెజారిటీ వాళ్ల మాట ఒప్పుకోలేదు. బియ్యం బస్తాతో అయిదంతస్తులు ఎక్కించి, పైన మంచినీళ్లు ఇచ్చి పుణ్యం చేశామనుకోవడంలో అర్థం లేదని కమిటీ అభిప్రాయం.

నవంబరు 13న ప్రపంచ దయా దినోత్సవం. మర్నాడే బాలల దినోత్సవం కాబట్టి రెండూ కలిపి చేద్దామనుకున్నాం, వ్యాసరచన పోటీ అన్నారు. అదే నెలలో కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలని ఎవరో గుర్తుచేయడంతో పోటీ మానేసి, ఇంటర్ పిల్లల్ని ఫోన్లతో పెద్దవాళ్ల ఇళ్లకు పంపాం. ఆ సర్టిఫికెట్ కోసం ఉన్న జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపిస్తే చాలు, బ్యాంకు దాకా పోనక్కర్లేదు. రెండో అంతస్తు మామ్మగారు మాత్రం "ఎన్నిసార్లు కళ్లార్పమంటావురా అబ్బాయ్, నాకేమైనా ఫొటో పెళ్లిచూపులా" అని కుర్రాడి మీద విసుక్కున్నారు. కిటికీ దగ్గరికి కుర్చీ జరిపి, కళ్లద్దాలు తీయిస్తే అయిపోయింది. ఆ కుర్రాడు ఇప్పుడు కాలేజీ నుంచి వస్తూ ఆవిడ మందుల చీటీ అడిగి తీసుకెళ్తున్నాడు. మేం చెప్పింది కాదది.

మేలు చేసినవాళ్లకు పాయింట్లు, ఏడాది చివర బహుమతి పెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. కమిటీ ఒప్పుకోలేదు. పాయింట్లు పెడితే సాయం అక్కర్లేనివాళ్లకు కూడా సాయం మొదలవుతుంది! ఫొటోలూ వద్దన్నాం. తీసుకునేవాళ్లకు మొహమాటంగా ఉంటుంది.

కుదరనివీ ఉన్నాయి. పార్కింగ్ దగ్గర గొడవలు తగ్గలేదు, రాత్రిపూట హారన్లూ తగ్గలేదు. కొత్తగా అద్దెకొచ్చిన ఇళ్లవాళ్లను పలకరించే పని ఎవరూ తీసుకోలేదు. సొంతింటివాళ్లు, అద్దెవాళ్లు అన్న తేడా మన మధ్య ఇంకా ఉంది.

2027లో గోదావరి పుష్కరాలు. మన వీధి మీదుగా రేవుకు నడిచి వెళ్లే యాత్రికులకు నీళ్లు, కూర్చోవడానికి నీడ, ఆడవాళ్లకు బాత్రూమ్ వసతి ఇవ్వాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. కింది అంతస్తులో వాడకుండా ఉన్న బాత్రూమ్ బాగు చేయించడానికి సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి. అంచనా ఖర్చు కాగితం కోశాధికారి దగ్గర ఉంది, ముందే చూసుకుని రాగలరు.

ఇట్లు,
కార్యదర్శి