చనిపోయిన మా నాన్న ఆదాయపు పన్ను రిఫండ్ గురించి ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మీకు ఇది నా మూడో ఉత్తరం అండి. మొదటి రెండూ ఏ బల్ల మీద ఉన్నాయో తెలీదు, అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా. కోపంలో మాట ఎక్కడైనా జారితే పెద్ద మనసుతో క్షమించండి.

మా నాన్న 2023 అక్టోబర్‌లో పోయారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ మీద బ్యాంకు ముందే పట్టుకున్న పన్ను, అదే టీడీఎస్‌లో 11 వేల చిల్లర వెనక్కి రావాలి. అంతే, కోట్ల ఆస్తి కాదు. ఆయన లెక్క ముగించి పాన్ సరెండర్ చేద్దామని కూర్చున్నా, ఇంకా కూర్చునే ఉన్నా.

ముందు ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో లీగల్ హెయిర్‌గా, అంటే చట్టప్రకారం వారసుడిగా రిజిస్టర్ అవ్వాలి కదా, డెత్ సర్టిఫికెట్, పాన్, తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అన్నీ పెట్టా. రెండుసార్లు రిజెక్ట్. ఎందుకయ్యా అంటే పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది, డెత్ సర్టిఫికెట్లో ఒక్క అక్షరమే ఉంది. మన తెలుగోళ్ళలో సగం మంది పేర్లు ఇలాగే ఉంటాయి సార్, ఇది ఎవరికి తెలీదు? సరే, అఫిడవిట్ పెట్టి మూడోసారికి గట్టెక్కా. 2024 జులై 31 లోపే ఆయన పేరు మీద రిటర్న్ వేశా, ప్రాసెస్ కూడా అయింది, రిఫండ్ వచ్చేస్తోందని అమ్మకి చెప్పా కూడా.

రిఫండ్ ఫెయిల్డ్ అని మెసేజ్ వచ్చింది. ఖాతా క్లోజ్ అయిందట!

క్లోజ్ అవ్వదా మరి? మనిషి పోయాడని కాగితం ఇస్తే బ్యాంకు వాళ్ళు డబ్బు నామినీకిచ్చి ఖాతా మూసేస్తారు, అదే పద్ధతి. ఆ కాగితమే మీ పోర్టల్‌లోనూ పెట్టాను కదా, ఖాతా ఉండదని మీ వాళ్ళకి తట్టలేదా? పోనీ నా ఖాతా ఇద్దామంటే దాని పాన్ నాది, ఆయన పాన్‌తో మ్యాచ్ కాదు, పోర్టల్ ఆ ఖాతాని ఒప్పుకోదు. ఆయన పేరు మీద కొత్త ఖాతా తెరవాలంటే ఆయనే వచ్చి సంతకం పెట్టాలి. కంప్లైంట్ పెడితే సంబంధిత అధికారిని కలవమన్నారు, కలిస్తే పోర్టల్‌లో పెట్టమన్నారు, పోర్టల్‌లో పెడితే ‘పరిష్కరించబడింది’ అని మూసేశారు. ఇలా ఐదుసార్లు మూసేశారండి. ఏం పరిష్కరించారో చెప్తే మేమూ సంతోషిస్తాం.

అదే మా నాన్న మీకు బాకీ ఉంటే? 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 159 ఉంది కదా, ఆయన వదిలిన ఆస్తి మేరకు వారసుడే కట్టాలి. వసూలుకి నేను ఆయన వారసుణ్ణే, రిఫండ్‌కి మాత్రం ఎవరో దారిన పోయే వాణ్ణి. మేము లేటుగా కడితే నెలకి 1 శాతం వడ్డీ, మీరు లేటుగా ఇస్తే నెలకి అర శాతం, ఆలస్యం మాదే అంటే అదీ లేదు.

ఇంకో చోద్యం, ఆయన పోయాక వచ్చిన వడ్డీ మీద టీడీఎస్ కూడా కొంత ఆయన పాన్ మీదే పడింది. ఆ వడ్డీ ఆదాయం ఆయనది కాదు కదా, తీసుకున్న వాళ్ళ రిటర్న్‌లో చూపించాలి. చూపించాం, పన్నూ కట్టాం. పట్టుకున్న ఆ టీడీఎస్ జమ మాత్రం ఆయన పాన్ మీదే ఉండిపోయింది. బ్యాంకు దాన్ని సరిచేయాలట, ఆ బ్రాంచి కథ చెప్తే మరో ఉత్తరం అవుతుంది, వదిలేస్తున్నా.

1961 ఆదాయపు పన్ను చట్టం పోయి 2025 చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. చట్టం మారింది, బాగుంది. పోర్టల్‌లో రిఫండ్ ఖాతా అడిగే ఆ ఒక్క గడి కూడా మార్చండి సార్. లీగల్ హెయిర్‌గా మీరే ఒప్పుకున్న మనిషి ఖాతాలో రిఫండ్ వేయండి, వేరే వారసుల అభ్యంతరం లేదని కాగితం కావాలంటే ఇస్తాం, రేపు ఏదైనా నష్టం వస్తే మాదే పూచీ అని ఇండెమ్నిటీ బాండ్ కావాలంటే అదీ ఇస్తాం, ఏం కావాలో ఒక్కసారే చెప్పండి, దయచేసి కంప్లైంట్ మూసేసే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి.

ఐదు కంప్లైంట్ల నంబర్లూ మీ ఆఫీసుకి మెయిల్ చేశాను. ఎవరైనా తెరిస్తే, సబ్జెక్ట్ లైన్‌లో మా నాన్న పాన్ ఉంటుంది.

ఇట్లు,
మీరే ఆమోదించిన ఒక లీగల్ హెయిర్