బొమ్మలగుట్ట మీదుగా మూడు గుట్టలు

హన్మకొండ,
సోమవారం రాత్రి

అరేయ్ రమేషూ,

నువ్వు దుబాయ్ దిక్కు హట్టాలో ఎక్కిన గుట్టల ఫోటోలు నాలుగైదు సార్లు చూశాను. చెట్టూ చేమా లేదు, నల్లగా కమిలిన రాయి తప్ప. కింద "మన గుట్టలు యాదికొచ్చినయ్ రా" అని రాశావు చూడు, ఆ మాట నన్ను రెండు రోజులు నిలవనీయలేదు. మన గుట్టలకు నేనే పోక ఎన్నేళ్లయిందో! శనివారం సాయంత్రం బండి తీసి నేరుగా మీ ఇంటికే పోయాను. నిన్న ఆదివారమంతా నేనూ మీ తమ్ముడూ గుట్టల మీదే ఉన్నాం. కాళ్లు ఇంకా పట్టేసే ఉన్నాయి. ఇప్పుడే రాయకపోతే సగం మర్చిపోతాను.

అమ్మ మూడున్నరకే లేచి సర్వప్ప చేసింది. వద్దంటే వినదు కదా. నువ్వులు, పల్లీలు, ఉల్లాకు కలిపి గిన్నెకు అద్ది, అంచులు కరకరలాడేదాకా కాల్చి, మోదుగాకులో చుట్టి ఇచ్చింది. నీళ్లు ఇద్దరికీ కలిపి నాలుగు లీటర్లు తీసుకున్నాం. చాలలేదు.

కురిక్యాల దాటి గుట్ట కింద బండి పెట్టేసరికి తెల్లవారుతోంది. బొమ్మలగుట్ట దాకా బాట ఉంది, నీకు తెలిసిందే. చిన్నప్పుడు మనం ఆ బాటన ఎన్నిసార్లు ఎక్కామో లెక్కలేదు. కానీ నిజం చెప్పు, ఒక్కసారైనా ఆ బొమ్మల ముందు సరిగ్గా నిలబడ్డామా? మన ధ్యాసంతా సీతాఫలాల మీదే. నిన్న గంటసేపు నిలబడ్డాను. మధ్యలో ఎనిమిది చేతుల జైన దేవత చక్రేశ్వరి, పక్కన జైన తీర్థంకరులు, కింద శాసనం. పైనుంచి వెలుతురు పడితే అక్షరాలు రాయిలో కలిసిపోయి కనబడవు. మీ తమ్ముడు ఫోన్ టార్చ్ తీసి, రాయికి ఆనించినట్టు పక్క నుంచి వేశాడు. అంతే, ఒక్కొక్క అక్షరం నీడతో సహా పైకి లేచింది. అది అప్పటి లిపి, మనకు చదవరాదు. కానీ తలకట్టు సంగతి పక్కన పెడితే ‘గ’ మాత్రం ఇప్పటి ‘గ’లాగే ఉంది. దాన్ని చూసి ఇద్దరం ఒకేసారి "అదిగో" అన్నాం.

ఆ శాసనం వేయించింది జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడు ఉన్నాడు చూడు, ఆయన సొంత తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి దగ్గర ఉండేవాడు కాబట్టి అన్నదమ్ములిద్దరూ మన నేల మీద తిరిగినవాళ్లే. క్రీ.శ. 945 ప్రాంతం అంటారు. అంటే నన్నయ కంటే దాదాపు వంద ఏళ్లు ముందు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి అందులో. తెలుగులో ఉన్నవి మూడు కంద పద్యాలు. బడిలో తెలుగు సారు కందం అనగానే నాలుగేసి మాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టించేవారు, గుర్తుందా? "కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అనేవారు. ఆ సారు పాఠం చెప్పిన గది కిటికీలోంచి చూస్తే ఈ గుట్టే కనబడేది రా! తెలుగులో మనకు దొరికిన తొలి కందాలు ఇవేనని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! నాకు నిన్న కళ్లు చెమర్చాయి. తమ్ముడు చూసి ఏమీ అడగలేదు.

అక్కడి నుంచి బాట లేదు. పైకి ఎక్కి, అవతలి గుట్టకు దిగి, మళ్లీ ఎక్కాలి. ఎత్తు ఏమంత లేదు గానీ గుండు మీద గుండు, సందుల్లో పరికి కంపలు, మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డి గింజలు సూదుల్లాగా సాక్సులు దాటి చర్మానికి గుచ్చుకుంటాయి. పీకితే ముల్లు లోపలే విరుగుతుంది, గింజ చేతికొస్తుంది. పది అడుగులకోసారి ఆగడమే. రెండో గుట్ట నెత్తిన ఒక దొన ఉంది. వానలు పోయి ఇన్ని రోజులైనా మూరెడు లోతు నీళ్లున్నాయి. అంచున నెమలి అడుగులు, పక్కనే చిన్న పిట్ట అడుగులు, ఎండిన బురదలో అచ్చు పోసినట్టు. చుట్టూ బండ ఉల్లిపొరలు లేచినట్టు లేచి ఉంది. తడితే డొల్లగా మోగుతుంది. పగలంతా కాగి రాత్రి చల్లారి, అట్లా ఏళ్ల తరబడి పొరలు ఊడుతూనే కదా మన గుండ్లు ఇంత నున్నగా గుండ్రంగా అయింది. అక్కడే కూర్చుని సర్వప్ప తిన్నాం. నీ వాటా కూడా తిన్నాం.

మూడోది మనం ఏనుగు గుట్ట అనేవాళ్లం చూడు, దాని సంగతి ఎట్లా రాయాలో తెలియడం లేదు. దానికి ఇప్పుడు ఒక పక్క లేదు. తొండం పక్క. గోడ కోసినట్టు నిలువుగా కోసేశారు. డ్రిల్లు వేసిన గాడులు వరసగా పై నుంచి కిందిదాకా ఉన్నాయి. అడుగున బండలు ఎర్ర రంగుతో నంబర్లు వేసుకుని వరస పేర్చి ఉన్నాయి. మన రాయికి బజార్లో టాన్ బ్రౌన్ అని పేరు. కరీంనగర్ నుంచి రైల్లో కాకినాడ రేవుకు, అక్కడి నుంచి ఓడల్లో చైనాకు పోతుంది. క్వారీ మీద బతికేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు, నాకు తెలుసు. అయినా ఆ గోడ అంచున నిలబడి వెనక్కి చూస్తే బొమ్మలగుట్ట ఎదురుగా కనిపిస్తోంది రా. కడుపులో దేవినట్టయింది.

దిగేటప్పుడు దారి తప్పాం. పొద్దు నెత్తి మీదికొచ్చింది, నీళ్లు అయిపోయాయి. దిగుతూ దిగుతూ ఒక నున్నటి బండ మీద ఇరుక్కున్నాం. పైకి పోలేం, కిందికి జారితే ఆగం. తమ్ముడికి టెన్షన్, నాకు అంతకంటే ఎక్కువ. కింద గొర్రెలు మేపుతున్న తాత ఒకాయన చూసి కేకేశాడు. "బిడ్డా, రాయిని చూడకు, పెంటికలు చూడు. గొర్రె దిగిన కాడ మనిషి దిగుతడు." నిజంగానే ఎడమ చేతి వైపు రెండు గుండ్ల సందులో పెంటికలు కనబడ్డాయి. వాటి వెంట పడి పావుగంటలో కింద ఉన్నాం. తాత తన సీసాలో నీళ్లు మా ఇద్దరికీ పోశాడు. తనకు రెండు గుక్కలే మిగిలాయి.

అమ్మకు కొంగు నిండా సీతాఫలాలు తెచ్చి ఇచ్చాం. కళ్లు విచ్చినవి ఏరి బియ్యంలో పెట్టింది.

సంక్రాంతికి సెలవు ఖాయమైతే ముందే చెప్పు. ఈసారి ముగ్గురం పోదాం, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఒక మంచి టార్చ్. శాసనంలో ఆ మూడు కందాలను కాగితం మీద రాసిపెట్టుకుని వస్తాను, అక్కడే నిలబడి చదువుదాం. బూట్లు అక్కడి నుంచే తెచ్చుకో, తమ్ముడివి నీకు పట్టవు. ఏనుగు గుట్ట మిగిలిన పక్క నుంచి ఎక్కడానికి దారి చూసి పెట్టాను.

నీ
శ్రీను