కంటి లోపల వాపుంటే ఆపరేషన్‌కు తొందరొద్దు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ప్రభుత్వ కంటి శిబిరాల్లో పరీక్షలు చేసే ఉద్యోగిని. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు (ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం) మొదలైనప్పటి నుంచి ఊళ్లలో ఒక మాట బాగా నాటుకుంది: శుక్లం ఉంటే ఆలస్యం చేయొద్దు, తీయించుకోవాలి. మంచిదే. "పొర ముదరనీ, అప్పుడు చూద్దాం" అని కూర్చునే పెద్దవాళ్లను ఒప్పించడానికి మేం పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. కానీ ఆ మాట చెప్పకూడని వాళ్లు కొందరున్నారు. ఈ లేఖ వాళ్ల కోసం.

బీడీలు చుట్టే ఒకామె శిబిరానికి వచ్చింది. వయసు నలభై లోపే. అంతకు ముందు కన్ను ఎర్రబడేది, ఎండకు తెరవలేకపోయేది. కళ్లకలకేమో అనుకుని మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకునేది. తగ్గేది, మళ్లీ వచ్చేది. చివరికి శుక్లం వచ్చింది, ఒకచోట ఆపరేషన్ కూడా అయింది. డిశ్చార్జి కాగితం మీద అంతా సవ్యమనే ఉంది. ఆమెకు మాత్రం ఆ కంటితో తునికాకు అంచు కనిపించదు. లైటు వేసి చూస్తే కొత్త లెన్స్ మీద తెల్లటి పొర. రెండో కంట్లో చుక్కలు వేస్తే కనుపాప గుండ్రంగా తెరుచుకోలేదు, అక్కడక్కడా లెన్స్‌కు అతుక్కుపోయి పువ్వు రేకుల్లా విచ్చుకుంది. ఆ కంటికీ ఆపరేషన్ రాయమని వెంట వచ్చిన అన్నయ్య ఒకటే పట్టు.

దీన్ని యువియైటిస్ అంటారు, కంటి లోపలి పొరల వాపు. క్షయ వల్ల రావచ్చు, వెన్నెముక పట్టేసే కీళ్లవాతంతో రావచ్చు, చాలామందిలో కారణమే దొరకదు. శుక్లం తరచుగా దాని వెనకే వస్తుంది. శుక్లాన్ని వాపూ తెస్తుంది, వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు కూడా తెస్తుంది! పిల్లల సంగతి ఇంకా కష్టం. కీళ్లవాతం ఉన్న పిల్లల్లో ఈ వాపు వస్తే చాలాసార్లు కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు. కనుపాప తెల్లబడేదాకా ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు.

ఇలాంటి కంటికి ఆపరేషన్ చేయకూడదని కాదు. సాధారణంగా వాపు పూర్తిగా తగ్గి కనీసం మూడు నెలలు నిలకడగా ఉన్నాక, ముందూ వెనకా స్టెరాయిడ్ రక్షణతో చేస్తే చాలామందికి చూపు బాగానే వస్తుంది. వాపు ఉండగానే కోస్తే అది రెచ్చిపోతుంది. రెటీనా మధ్యలో నీరు చేరొచ్చు, కంటి ఒత్తిడి పెరగొచ్చు, లేదా బాగా పడిపోవచ్చు. ఇవన్నీ కంటి డాక్టర్లకు తెలియనివి కావు. కానీ శిబిరం నుంచి బస్సు నిండా మనుషుల్ని దించి, సాయంత్రంలోగా లెక్క తేల్చాల్సిన చోట ఒక్క మనిషిని పక్కన కూర్చోబెట్టి "నువ్వు మూడు నెలలు మందులు వాడి రా" అనే తీరిక ఎవరికుంటుంది? పైగా ఆ మనిషి టార్గెట్‌లో ఒక అంకె తగ్గినట్టే.

అందుకే అడుగుతున్నాను. శిబిరం కార్డులో కన్ను ఎర్రబడటం, వెలుతురు పడకపోవడం, కీళ్ల నొప్పులు గురించి ఒక ప్రశ్న చేర్పించండి. అవునంటే స్లిట్ ల్యాంప్ (కంటి లోపలి భాగాలను పెద్దవిగా చేసి చూపే పరికరం) కింద చూడకుండా ఎవరూ ఆపరేషన్ జాబితాలోకి ఎక్కకూడదు. ఆ మూడు నెలలు వాడాల్సిన చుక్కలు, మాత్రలు, అవసరమైతే మెథోట్రెక్సేట్ (రోగనిరోధక శక్తిని తగ్గించి వాపును అదుపు చేసే మందు), దానికి కావాల్సిన రక్త పరీక్షలు జిల్లా ఆసుపత్రిలోనే దొరకాలి. ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లి రావాలంటే ఆమె లాంటి వాళ్లు మందు మధ్యలో మానేస్తారు, వాపు మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క కూడా మార్చాలి. శుక్లం ఆపరేషన్ అవసరమైనవాళ్లలో ఆపరేషన్ అయి 6/12 చూపు (మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఆరు మీటర్ల నుంచి చదవగలగడం) వచ్చినవాళ్ల వాటా ఎంతో లెక్కించి, ఆ వాటాను 2030 నాటికి పెంచాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సభలో దేశాలు ఒప్పుకున్నాయి. మనం ఇంకా ఎన్ని కళ్లు కోశామన్నదే పంపమంటున్నాం. వాయిదా వేసిన కేసులకు రిపోర్టులో విడిగా ఒక గడి పెట్టండి సార్, దాన్ని మా వెనకబాటు కింద రాయకుండా. తర్వాతి శిబిరాల కార్డులు అచ్చుకు వెళ్లేలోపు ఇది జరిగితే చాలు.

ఇట్లు,
ప్రభుత్వ కంటి శిబిరాల ఉద్యోగి