మూడు వైర్‌లెస్ సెట్లు, ఒకే యుద్ధం: రక్షణ మంత్రి గారికి ఒక మాజీ సుబేదార్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో 28 ఏళ్లు పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని అవతలివాళ్లు చెప్పింది రాసుకోవడం, ఇవతలివాళ్లు చెప్పమన్నది అందించడం, ఇదే నా ఉద్యోగం. వ్యూహాలు వేసింది వేరేవాళ్లు. కానీ ఆ వ్యూహం కింద ఎక్కడ తెగిపోతోందో అందరికంటే ముందు తెలిసేది సిగ్నల్స్ వాళ్లకే. థియేటర్ కమాండ్ల మీద, అంటే ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే కమాండర్ కింద పెట్టడం మీద, ఇన్నేళ్లుగా నడుస్తున్న చర్చలో ఆ చోటి నుంచి మాట్లాడినవాళ్లు నాకు కనపడలేదు. అందుకే రాస్తున్నాను.

నేను హవల్దార్‌గా ఉన్నప్పుడు సముద్ర తీరంలో మూడు దళాల ఉమ్మడి ఎక్సర్‌సైజ్, అంటే ఉత్తుత్తి యుద్ధంతో సాధన, ఒకటి జరిగింది. మా పటాలం ఓడల్లోంచి ఒడ్డుకు దిగాలి. నేవీ ఫిరంగులు, ఎయిర్‌ఫోర్స్ విమానాలు మాకు దారి చెయ్యాలి. కమాండ్ పోస్ట్ అంటే ఒక టెంటు, ఒక మడత బల్ల. బల్ల మీద మూడు సెట్లు: మాది ఒకటి, నేవీది ఒకటి, ఎయిర్‌ఫోర్స్‌ది ఒకటి. ఫ్రీక్వెన్సీలు వేరు, కోడ్ కీలు వేరు. ఒక సెట్టు మాట ఇంకో సెట్టుకు అర్థం కాదు. ముందున్న కంపెనీ నుంచి నాకు కబురొచ్చింది, దిబ్బ వెనక మెషిన్‌గన్ ఉంది, విమానం పంపండి అని. కాగితం మీద రాశాను. మేజర్ సాబ్ చదివి సంతకం పెట్టారు. పక్కనే కూర్చున్న ఎయిర్‌ఫోర్స్ అధికారి ఆ కాగితం తీసుకుని మేమిచ్చిన గ్రిడ్ రిఫరెన్స్‌ని అక్షాంశ రేఖాంశాల్లోకి మార్చడం మొదలుపెట్టారు. మేం మ్యాపులో చోటు చెప్పే పద్ధతి ఒకటి, పైలట్లది ఇంకొకటి. లెక్క మార్చి, వాళ్ల సెట్లో చెప్పి, పైనుంచి అనుమతి వచ్చేసరికి 50 నిమిషాలు. ఈలోపు మా కంపెనీ ఆగలేదు, వెళ్లి ఆ దిబ్బ పట్టేసుకుంది. ఆ సంగతి నేవీకి అందింది, ఎయిర్‌ఫోర్స్‌కి అందలేదు. విమానం వచ్చింది, మేం చెప్పిన చోటనే బాంబు వేసినట్టు లెక్క రాయించుకుని వెళ్లిపోయింది.

ఎక్సర్‌సైజ్‌లో నష్టాలు లెక్కగట్టే అంపైర్ తన పుస్తకంలో 19 మంది చనిపోయారని రాసుకున్నారు. అలా చనిపోయిన కుర్రాళ్లు హెల్మెట్లు తీసి ఇసుకలో కూర్చుని నవ్వుకుంటున్నారు. నా చేతిలో మాత్రం ఆ కాగితం ఉంది. దాని మీద నా దస్తూరీ, నేను వేసిన టైము. ఆ రోజు పట్టుకున్న టెన్షన్ ఇప్పటికీ నన్ను పూర్తిగా వదల్లేదు.

తప్పు ఎవరిదని ఆ సాయంత్రం చాలాసేపు విచారించారు. ఎవరిదీ కాదని తేలింది. ప్రతి ఒక్కరూ తమ దళం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశారు. నన్ను భయపెట్టింది సరిగ్గా అదే.

యుద్ధ సూత్రాలు మాకూ క్లాసుల్లో చెప్పేవారు. లక్ష్యం ఎంచుకుని దాన్నే పట్టుకుని ఉండటం, బలమంతా కావలసిన చోట కూడగట్టడం, మిగతాచోట్ల పొదుపుగా వాడటం, శత్రువు ఊహించని వేళ మీద పడటం, మన గుట్టు కాపాడుకోవడం, పరిస్థితిని బట్టి మారడం, సరఫరాలు, మనోబలం, పరస్పర సహకారం. ఒక్క దళమే పోరాడేటప్పుడు ఇవన్నీ ఒక కమాండర్ బుర్రలో తూకమవుతాయి. మూడు దళాలు కలిసి దిగినప్పుడు ఆ తూకం వేసేదెవరు? బలం ఎక్కడ కూడగట్టాలి అన్న ప్రశ్నకు మూడు హెడ్‌క్వార్టర్ల నుంచి మూడు జవాబులు వస్తే ఏది చెల్లుతుంది? అందుకే ఉమ్మడి యుద్ధంలో ఏక కమాండ్ మిగతావాటితో పాటు ఇంకో సూత్రం కాదు. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. సహకారం మంచిదే. కానీ సహకారం అంటే ఇష్టముంటే చేసేది. ఆజ్ఞ అంటే చెయ్యాల్సింది.

మన చరిత్రే చూడండి. 1962లో చైనాతో యుద్ధంలో మన యుద్ధ విమానాలను దాడికి వాడనేలేదు. కొండల మీద పదాతి దళం ఒంటరిగా పోరాడింది. 1971లో పాకిస్థాన్‌తో యుద్ధంలో తూర్పున అద్భుతంగా గెలిచాం, కాదనను. ఆశుగంజ్ వంతెనను శత్రువు పేల్చేస్తే డిసెంబర్ 9న జనరల్ సగత్ సింగ్ సైనికులను ఎంఐ-4 హెలికాప్టర్లలో మేఘనా నది దాటించారు. 11న టంగైల్ దగ్గర 2 పారా పటాలం ఆకాశం నుంచి దిగింది. తర్వాత ఢాకాలో మొదట అడుగుపెట్టింది వాళ్లే. విమాన వాహక నౌక విక్రాంత్ మీది విమానాలు చిట్టగాంగ్, కాక్స్‌బజార్‌లను దెబ్బతీసి సముద్రం వైపు తలుపులు మూసేశాయి. ఒకే యుద్ధంలో హెలికాప్టర్లతో నది దాటడం, పారాచూట్ దళాన్ని దించడం, నౌకా దిగ్బంధం మూడూ కుదిరాయి. సైన్యం తూర్పు కమాండ్ కోల్‌కతాలో, ఎయిర్‌ఫోర్స్‌ది షిల్లాంగ్‌లో, నేవీది విశాఖపట్నంలో ఉన్నా కుదిరాయంటే ఆనాటి మనుషుల గొప్పతనం.

అదే యుద్ధంలో కుదరనిది కూడా ఒకటుంది. దాని గురించి మనం అంతగా చెప్పుకోం. చివరి రోజుల్లో, బర్మా వైపు పారిపోయే శత్రువును అడ్డుకోవడానికి కాక్స్‌బజార్ తీరంలో గూర్ఖా సైనికులను దించాలని నిర్ణయించారు. హడావుడిగా ఒక వ్యాపార నౌకలో ఎక్కించి, నడి సముద్రంలో ల్యాండింగ్ షిప్‌లలోకి మార్చారు. ఆ తీరాన్ని ముందుగా సరిగ్గా సర్వే చెయ్యలేదు. ఓడ ఇసుక మేటకు తగులుకుని ఆగింది. ఒడ్డు ఇంకా దూరం, మధ్యలో లోతు. ఒంటి మీద బరువులతో దిగిన మొదటివాళ్లలో కొందరు మునిగి చనిపోయారు. అవతల కాల్చేందుకు శత్రువు కూడా లేడు. ఓడలోంచి తీరం మీదికి దిగే పోరాటం అన్నిటికంటే కష్టమైనదని ఊరికే అనరు. అందులో ఒక పద్ధతి ఉంది. నీళ్ల మీద ఉన్నంతసేపు ఆజ్ఞ నేవీ కమాండర్‌ది, ఒడ్డున కాలు కుదురుకున్నాక సైన్యం కమాండర్‌ది. ఆజ్ఞ చేతులు మారే ఘడియ ముందే రాసిపెట్టుకోవాలి, తీరం లోతు కొలుచుకోవాలి, రిహార్సల్ చెయ్యాలి. దీనంతటికీ పూచీ పడే పెద్ద ఒకరుండాలి. ఆ గూర్ఖాలకు అలాంటివారు లేరు.

ఆ తర్వాతా మనం నేర్చుకున్నది కొంచెమే. 1987 అక్టోబర్‌లో శ్రీలంకలో ఎల్‌టీటీఈతో పోరులో జాఫ్నా విశ్వవిద్యాలయం మీద రాత్రివేళ హెలికాప్టర్లలో దించిన సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ సైనికులు 30 మందిలో ఒక్కరే ప్రాణాలతో మిగిలారు. మన రేడియో మాటలు శత్రువు ముందే విన్నాడు. సిగ్నల్స్‌లో పనిచేసినవాడిగా ఆ రాత్రి గురించి ఎక్కువ రాయలేను. 1999లో కార్గిల్‌లో సైన్యం సాయుధ హెలికాప్టర్లు అడిగింది. అంత ఎత్తులో అవి పనికిరావని, పైగా ప్రభుత్వం అనుమతి కావాలని ఎయిర్‌ఫోర్స్ అంది. రెండూ వాళ్ల వాళ్ల లెక్కలో సరైన మాటలే. కానీ మే నెలలో విలువైన రోజులు ఆ మాటల్లోనే గడిచిపోయాయి. వైమానిక దాడులు 26న మొదలయ్యాయి. చివరికి సైన్యం చేసింది ఆపరేషన్ విజయ్, ఎయిర్‌ఫోర్స్ చేసింది సఫేద్ సాగర్, నేవీ చేసింది తల్వార్. ఒకే యుద్ధానికి మూడు పేర్లు.

ఇక 2019 ఫిబ్రవరి 27న బుడ్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వాయుసైనికులు, కింద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పేనని ఎయిర్‌ఫోర్స్ అధిపతే ఒప్పుకున్నారు. ఒకే దళంలో, ఒకే స్థావరం దగ్గర మనవాళ్లెవరో తెలుసుకోలేకపోయాం. మూడు దళాల డ్రోన్లు, క్షిపణులు, విమానాలు ఒకే ఆకాశంలో ఉన్నప్పుడు ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

జరిగిన మంచిని కూడా చెప్పాలి. కార్గిల్ సమీక్ష తర్వాత 2001లో అండమాన్ నికోబార్‌లో మూడు దళాల కమాండ్ వచ్చింది. 2020 జనవరిలో మొదటి సీడీఎస్‌గా (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, మూడు దళాల సమన్వయం చూసే పదవి) జనరల్ బిపిన్ రావత్ బాధ్యత తీసుకున్నారు. 2023లో మీ ప్రభుత్వం తెచ్చిన అంతర్ దళాల సంస్థల చట్టం పత్రికల్లో చిన్న వార్తగా పోయింది కానీ, నా దృష్టిలో అది చాలా పెద్ద అడుగు. అంతకుముందు ఉమ్మడి కమాండ్‌లో ఒక వాయుసైనికుడు తప్పు చేస్తే పైనున్న నేవీ కమాండర్ అతని మీద చర్య తీసుకోలేకపోయేవారు. వెనక్కి అతని సొంత దళానికి పంపాల్సిందే. శిక్షించే అధికారం లేని కమాండర్ మాట జవాను ఎంతవరకు వింటాడో మా అందరికీ తెలుసు. ఆ లోటు ఇప్పుడు తీరింది.

కానీ దేశంలో ఇప్పటికీ దళాల సొంత కమాండ్లు మొత్తం కలిపి 17 ఉన్నాయి: సైన్యానికి 7, ఎయిర్‌ఫోర్స్‌కి 7, నేవీకి 3. చైనా తన ఏడు సైనిక ప్రాంతాలను 2016లోనే ఐదు థియేటర్ కమాండ్లుగా మార్చేసింది. మనం ఇంకా మ్యాపు మీద గీతల దగ్గరే ఉన్నాం.

థియేటర్ కమాండ్ల మీద ఎయిర్‌ఫోర్స్ అభ్యంతరాన్ని కొట్టిపారేయకండి. మంజూరైన 42 యుద్ధ విమానాల స్క్వాడ్రన్లకు (దళాలకు) వాళ్ల దగ్గర ఉన్నవి 30 అటూ ఇటుగా. పొద్దున పడమట ఉన్న విమానం సాయంత్రానికి ఉత్తరాన ఉండగలదు. దాన్ని ఒక థియేటర్‌కు కట్టేస్తే ఆ బలమే పోతుంది. ఈ వాదనలో నిజం ఉంది. అయితే విమానాలు ఎక్కడ ఉండాలన్నది ఒక ప్రశ్న, యుద్ధం మొదలయ్యాక అవి ఎవరి మాట వినాలన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ కలగలిపి ఏళ్ల తరబడి చర్చిస్తున్నాం. కొన్నిటిని ఢిల్లీ చేతిలో ఉంచండి, థియేటర్‌కు అప్పగించినవి ఆ కమాండర్ ఆజ్ఞలో ఉండాలి, అప్పగింత ఎప్పుడు, ఎన్ని గంటల్లో అన్నది రాసిపెట్టండి. థియేటర్ కమాండర్ ఏ రంగు యూనిఫాం వేసుకున్నారన్న గొడవ కూడా అనవసరం. 1988లో మాల్దీవుల అధ్యక్షుడిని కాపాడటానికి ఆగ్రా నుంచి ఐఎల్-76 విమానాల్లో పారా దళం వెళ్లింది, పారిపోతున్న కిరాయి ముఠాను సముద్రంలో పట్టుకున్నది నేవీ. 2015లో యెమెన్ నుంచి మనవాళ్లను తెచ్చినప్పుడు నౌకలు, విమానాలు రెండూ వెళ్లాయి. పనిని బట్టి ముందుండే దళం మారుతుంది, ఒకే ఆపరేషన్‌లో పూటపూటకూ మారుతుంది. మారకూడనిది ఆజ్ఞ వచ్చే చోటు.

అమెరికా ఇది దెబ్బతిన్నాకే నేర్చుకుంది. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీలను విడిపించడానికి నాలుగు దళాల మనుషులను పోగేసి పంపితే, ఎడారిలో హెలికాప్టర్లు చెడిపోయి, వెనక్కి తిరిగే తొందరలో ఒక హెలికాప్టర్ విమానాన్ని గుద్దుకుని ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లంతా కలిసి ఒక్కసారి కూడా పూర్తి రిహార్సల్ చెయ్యలేదు. 1986లో వాళ్ల పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టంలో నాకు నచ్చింది కమాండ్ల సంగతి కాదు. ఉమ్మడి పోస్టింగ్ చెయ్యని అధికారికి జనరల్‌గానో అడ్మిరల్‌గానో ప్రమోషన్ లేదన్నారు. దాంతో ఎవరూ బతిమాలకుండానే మనుషులు కదిలారు.

నేను అడగాలనుకున్నది ఇక్కడుంది. మన అధికారులకు ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉంది, వెల్లింగ్టన్‌లో స్టాఫ్ కాలేజీ ఉంది, సికింద్రాబాద్‌లో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది. క్యాడెట్‌గా ఒకే మెస్‌లో తిన్న స్నేహం జనరల్ అయ్యాక కూడా పనికొస్తుంది. జవానుకు, నావికుడికి, వాయుసైనికుడికి అలాంటిది ఏముంది? ఎవరి ట్రైనింగ్ సెంటర్ వారిది, ఎవరి లోకం వారిది. నా 28 ఏళ్లలో నేవీ ఆపరేటర్‌తో కలిసి పనిచేసిన రోజులన్నీ కూడితే మూడు నెలలు కూడా రావు. మొదటిసారి అతని లాగ్ పుస్తకం తిరగేసినప్పుడు సగం పొడి అక్షరాలు నాకు అర్థం కాలేదు. నావి అతనికీ అర్థం కాలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు నేర్పుకోవడానికి పట్టింది రెండు రాత్రులు. అంతే. ఆ రెండు రాత్రులు ఎక్సర్‌సైజ్ అయిపోయాక దొరికాయి, అదీ వర్షానికి ఓడ కదలక.

సిగ్నల్స్, లాజిస్టిక్స్, ఎయిర్ డిఫెన్స్ పనులు చేసే జవాన్లకు, జేసీఓలకు (నాలాంటి సుబేదార్ స్థాయి వాళ్లకు) మూడు దళాల ఉమ్మడి కోర్సులు పెట్టించండి, పోస్టింగులు ఇప్పించండి. మిగతా రెండు దళాల సెట్లతో మాట్లాడలేని కొత్త సెట్టు ఏ దళానికైనా కొంటామంటే ఫైలు వెనక్కి పంపండి. మ్యాపుల మీద చోటు చెప్పే పద్ధతి మూడు దళాలకూ ఒక్కటి చెయ్యండి. దీనికి కొత్త కమాండ్ అక్కర్లేదు, కేబినెట్ అక్కర్లేదు, మీ సంతకం చాలు. థియేటర్ కమాండ్లు వచ్చిన రోజున వాటి కింద పనిచేసే చేతులు అప్పటికే ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి.

చివరగా ఒక విన్నపం. ఈసారి ఏదైనా ఉమ్మడి ఎక్సర్‌సైజ్‌కు వెళ్లినప్పుడు ఎత్తైన వేదిక మీంచి విమానాలు, ఓడలు చూశాక, ఒక గంట కమాండ్ పోస్ట్ టెంటులోకి వెళ్లండి. ఆపరేటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. ముందున్న కంపెనీ విమానం కావాలని అడిగిన నిమిషం నుంచి, ఆ మాట పైలట్ చెవిన పడే నిమిషం దాకా మీ చేతి గడియారంలో చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో మీ డైరీలో రాసుకోండి. మళ్లీ ఏడాది అదే టెంటుకు వెళ్లి అదే లెక్క వెయ్యండి.

ఇట్లు,
ఒక మాజీ సుబేదార్, సిగ్నల్స్