శీనుకి, మెల్‌బోర్న్ నుంచి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం, పాప బళ్ళో చేరింది, చలి మొదలైంది. అసలు సంగతి విను.

రెండు వారాలుగా ఆయాసంతో దగ్గు. నిన్న బాక్స్ హిల్‌లో ఒక చైనా వైద్యుడి దగ్గరికెళ్ళాను. లోపల అడుగుపెట్టగానే నువ్వే గుర్తొచ్చావురా! గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, ఆ ఎండువేళ్ళ వాసన... అచ్చం మీ తాతయ్య మందుల గది. శొంఠి డబ్బా సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదుగా?

డెబ్భై దాటిన మనిషి. ఇంగ్లీషు అంతంతమాత్రం, మధ్యలో కూతురు మాట్లాడింది. మూడు వేళ్ళు ఆనించి రెండు చేతుల నాడీ చూశాడు, నాలుక చాపమన్నాడు. నేను వాడే బీపీ మాత్రల పేర్లడిగి ఇంగ్లీషులో రాయించాడు. తర్వాత ఒక సొరుగు లాగాడు. ఖాళీ! ఇలాంటి దగ్గుకి వాళ్ళ మందు ‘మా హువాంగ్’ అనే మూలిక అట. అందులో ఎఫెడ్రిన్ అనే రసాయనం ఉంటుంది, బీపీ పెరుగుతుంది. ఇక్కడ అది డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చే మందు, చైనా వైద్యులు రాయకూడదు. ఆ సొరుగు మూసేటప్పుడు ఆయన మొహం... సరేలే.

అదే గోడకి ఆయన రిజిస్ట్రేషన్ కాగితం ఫ్రేము కట్టి ఉంది. ఈ విక్టోరియా రాష్ట్రం 2000లోనే చైనా వైద్యానికి చట్టం చేసింది. 2012 జూలై 1 నుంచి దేశమంతటికీ ఒకే బోర్డు. రిజిస్టరు కాకుండా ఆక్యుపంక్చరిస్టునని చెప్పుకుంటే నేరం. నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఇప్పటి డిగ్రీలు లేని పాతవాళ్ళని తోసెయ్యలేదురా. చదువు, అనుభవం చూసి చేర్చుకోవడానికి 2015 జూన్ దాకా మూడేళ్ళు గడువిచ్చారు.

ఖాళీ సొరుగు నాకు న్యాయంగానే తోచింది. నా బీపీకి ఆ మందు పడితే ఏమయ్యేదో! కానీ మీ తాతయ్యని తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది. నలభై ఏళ్ళు ఊరందరికీ పసరు పోశారు. ఇది మానెయ్యి, ఇది చెయ్యి అని ఎదురుగా కూర్చుని చెప్పిన సర్కారువాడు ఒక్కడైనా వచ్చాడా? ఆయన నోటుపుస్తకం అటక మీదే ఉందా? చెదలు పట్టకముందే దాన్ని నువ్వు...

అయ్యో, పొయ్యి మీద కషాయం పొంగిపోతోంది! ఉంటానురా.

నీ
రాంబాబు