పొగ ఆగితే యూనిట్ కాలిపోయినట్టేనా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో మోడల్ రైళ్ళ మీద వచ్చిన వ్యాసం బాగుంది. ఒక్క మాటతో మాత్రం పేచీ ఉంది. రైలు పెట్టెలోంచి పొగ రావడం ఆగితే స్మోక్ యూనిట్ (లోపల పొగ పుట్టించే చిన్న పరికరం) కాలిపోయినట్టేనని, కొత్తది వేయడం తప్ప దారి లేదని అందులో రాశారు. అది నమ్మితే బాగున్న యూనిట్లు కూడా చెత్తబుట్ట పాలవుతాయి. అమెరికాలో ఉన్నవాళ్ళు పిల్లలకని పంపిన లయొనెల్, ఎం.టి.హెచ్. కంపెనీల బొమ్మ రైలు సెట్లకు ఇక్కడ వీధి చివర విడిభాగాలు దొరకవు కదా.

ఓ గేజ్ అనే పెద్ద సైజు సెట్లలో పొగ గొట్టం ఉండే కబూస్‌నే తీసుకుందాం. మన గూడ్సు బండి వెనకాల గార్డు పెట్టె లాంటిది. లోపల అగ్గిపెట్టెను పోలిన చిన్న డబ్బా. ఒక అరలో బుల్లి ఫ్యాను, పక్క అరలో వేడెక్కే రెసిస్టర్, దాని చుట్టూ ద్రవం పీల్చుకునే ఫైబర్‌గ్లాస్ వత్తి. రెండు అరల మధ్య గాలి పోవడానికి ఒక రంధ్రం. కరెంటు మూడు పట్టాల్లో మధ్య పట్టా మీద దొర్లే రోలర్ నుంచి వచ్చి, చక్రాల మీదుగా బయటి పట్టాలకు తిరిగి పోతుంది.

అందుకని ముందు కిందినుంచి చూడాలి. పెట్టె అడుగున స్విచ్ ఆన్‌లో ఉందా? రోలర్ మీద నల్లటి జిడ్డు పేరుకుందా? ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రోలర్‌నీ చక్రాలనీ తుడిస్తే చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. వోల్టేజి తగ్గి బండి మరీ నెమ్మదిగా నడుస్తున్నా పొగ సరిగా రాదు. నియంత్రణ సర్క్యూట్ లేని పాత రకం యూనిట్‌లో 9 వోల్టుల దగ్గర పుట్టే వేడి, 18 వోల్టుల దగ్గర పుట్టే దానిలో నాలుగో వంతే.

ఆ తర్వాత గొట్టం మీద పల్చటి టిష్యూ ముక్క పట్టుకోండి. కాగితం కదిలిందంటే ఫ్యాను తిరుగుతున్నట్టే. కదలకుండా, పొగ మాత్రం బద్ధకంగా పైకి లేస్తుంటే ఫ్యాను పట్టేసిందని అర్థం. ద్రవం జారి మోటారులోకి దిగి జిగురు కట్టడమే దీనికి మామూలు కారణం. కరెంటు తీసేసి, పంటిపుల్లతో ఫ్యానును మెల్లగా తిప్పి వదులు చేయాలి. ఇరుసు దగ్గర సూది మొనతో ఒక్క చుక్క పల్చటి నూనె చాలు. పొగ గొట్టంలోంచి కాక కిటికీల్లోంచి వస్తుంటే మూత కింది రబ్బరు పట్టీ సరిగా కూర్చోలేదు.

గుడగుడమని శబ్దం వచ్చి గొట్టం చుక్కలు చిమ్ముతోందంటే ద్రవం ఎక్కువైంది. పెట్టెను టిష్యూ మీద బోర్లించి, కారిందంతా కారనివ్వాలి. పెద్ద ఇంజన్లకు మొదటిసారి 15-20 చుక్కలు పోయమంటారు గానీ, కబూస్ డబ్బా అంతకంటే చిన్నది. ఆరేడు చుక్కలతో మొదలుపెట్టి, పొగ పలచబడ్డాక రెండు మూడు చుక్కలు కలపడం మేలు.

అసలు జబ్బు ఎక్కువగా వత్తిలో ఉంటుంది. ద్రవం అయిపోయాక కూడా స్విచ్ ఆన్‌లో ఉంచేస్తే, వేడిని లాక్కునేది ఏదీ లేక రెసిస్టర్ మితిమీరి కాలుతుంది. దానికి ఆనుకున్న వత్తి నల్లగా మాడి గట్టిపడుతుంది. ఆ మాడు ద్రవాన్ని రెసిస్టర్ దాకా రానివ్వదు. ఎన్ని చుక్కలు పోసినా పొగ లేదు, డబ్బా మాత్రం వేడిగా ఉందంటే ఇదే. మూత విప్పి, మాడిన భాగాన్ని ట్వీజర్‌తో తీసేసి, కొత్త ఫైబర్‌గ్లాస్ వత్తిని విడివిడి పోగులుగా చేసి వదులుగా పెట్టాలి. రెసిస్టర్‌కు తగలాలి, గాలి రంధ్రానికి మాత్రం అడ్డు రాకూడదు. కూరి కూరి పెడితే కథ మళ్ళీ మొదటికే. దీపారాధన దూది వత్తి అసలు వద్దు, అది అంటుకుంటుంది.

ఇవన్నీ అయ్యాకే రెసిస్టర్‌ను అనుమానించాలి. దానికి కరెంటు తెచ్చే తీగ ఒకటి విడదీసి మల్టీమీటర్‌తో ఓంలు కొలవండి. తీగ విడదీయకపోతే మిగతా సర్క్యూట్ కూడా లెక్కలో కలిసి తప్పు అంకె చూపిస్తుంది. ఎం.టి.హెచ్. వాటిలో మామూలుగా 16 ఓంలవి రెండు సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపి ఉంటాయి. రెండూ బాగుంటే 8 చూపాలి. 16 చూపితే ఒకటి పోయింది, పొగ తగ్గింది అందుకే. ఏమీ చూపకపోతే రెండూ పోయాయి. కొత్తది సరిగ్గా అదే విలువది వేయాలి. 27 ఓంల దాన్ని 18 వోల్టులకు నేరుగా కలిపితే 12 వాట్లు; అదే చోట 8 ఓంలది కలిపితే 40 వాట్లు, క్షణాల్లో మాడిపోతుంది. బల్ల మీద 8 ఓంల యూనిట్‌ను పరీక్షించాలంటే 5 వోల్టులు చాలు.

రైళ్ళ కోసం అమ్మే స్మోక్ ఫ్లూయిడ్ తప్ప మరేదీ పోయకూడదు. కొబ్బరినూనె మాడి జిగురవుతుంది, అత్తరు కూడా అంతే. కిరోసిన్ పోయడమంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

అమెరికా సెట్టు ఇక్కడ వాడేవారు ట్రాన్స్‌ఫార్మర్ అడుగున రాసింది చదవాలి. 100-240 అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు నేరుగా పెట్టారంటే పోయేది స్మోక్ యూనిట్ ఒక్కటే కాదు. వోల్టేజి తగ్గించే, తగిన వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

మీ వ్యాసంలో లేని ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఈ ద్రవాల్లో ఎక్కువ భాగం పెట్రోలియం నూనెలే. చిన్నపిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. సీసా చేతపట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. వచ్చే సంచికలో కనీసం ఈ రెండు వాక్యాలైనా వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్