విడిభాగాలు మార్చి పంపండి: డ్రిఫ్ట్ కారు కిట్‌పై ఫిర్యాదు

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: 1/10 స్కేలు రియర్ వీల్ డ్రైవ్ రిమోట్ కంట్రోల్ డ్రిఫ్ట్ కారు (జారుతూ మలుపు తిరిగే బొమ్మ కారు) కిట్‌లో తప్పు భాగాలు

ఆర్యా,

మీ కిట్ ఒడిశాలోని రాయగడకు చేరింది, కానీ బిగింపు సగంలోనే ఆగిపోయింది. మెయిల్ రాస్తే మీ సపోర్టు వాళ్లు ఇచ్చిన జవాబు, "గేర్ మెష్ సరిచేసుకోండి, జైరో గెయిన్ తగ్గించండి" అని. మెష్ అంటే గేర్ల పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడే తీరు; జైరో అంటే కారు జారినప్పుడు స్టీరింగ్‌ను దానంతటదే సరిదిద్దే పరికరం, గెయిన్ దాని తీవ్రత. మేం మోటారు, జైరో ఇంకా బిగించనే లేదు. గెయిన్ ఎక్కువైతే కారు నేరుగా పోయేటప్పుడు ముందు చక్రాలు అటూ ఇటూ వణుకుతాయి, అప్పుడు తగ్గించాలి. ఇక్కడ ముందు చక్రాలు పెట్టడానికే వీల్లేదు.

ఎందుకంటే స్టీరింగ్ నకుల్స్ (ముందు చక్రాలను పట్టుకుని తిప్పే భాగాలు) రెండూ ఎడమవైపువే వచ్చాయి. ఒకదాన్ని కుడివైపుకు తిప్పి పెడితే టై రాడ్ (స్టీరింగ్ కడ్డీ) తగిలించే చేయి వెనక్కి బదులు ముందుకొస్తుంది. తలకిందులు చేస్తే ఆ చేయి దిగువ సస్పెన్షన్ ఆర్మ్‌కు తగిలి చక్రం తిరగదు. స్టీరింగ్ బాగా తిరగాల్సిన బండికి ఇదేం చిన్న లోపం కాదు. నకుల్ మీ చాసిస్‌కే సరిపోయేది, బయట కొనలేం.

రెండోది గేర్లు. స్పర్ (పెద్ద గేరు) 48 పిచ్‌ది, దాంతో ఇచ్చిన పినియన్ (మోటారు షాఫ్ట్‌కు తగిలించే చిన్న గేరు) 64 పిచ్‌ది; పిచ్ అంటే పళ్ల సైజు, అంకె పెరిగితే పళ్లు సన్నం. పక్కపక్కన పెట్టి చూడండి: స్పర్ మూడు పళ్ల నిడివిలో పినియన్ పళ్లు నాలుగు పడతాయి. 48 పిచ్‌లో పంటికీ పంటికీ మధ్య దూరం సుమారు 1.66 మి.మీ., 64లో 1.25. రెండు గేర్ల మధ్య కాగితం ముక్క పెట్టి మోటారు స్క్రూలు బిగించే పద్ధతి మాకు తెలుసు. అది ఒకే పిచ్ గేర్ల మధ్య సందు సరిచేయడానికే. వీటిని కలిపి థ్రాటిల్ నొక్కితే ప్లాస్టిక్ స్పర్ పళ్లు గీరుకుపోతాయి, ఆపైన అదీ మేమే కొనాలి.

డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) ఆయిల్ సీసాలు రెండింటికీ లేబుల్ లేదు. మాన్యువల్ మాత్రం ముందుకో చిక్కదనం, వెనక్కో చిక్కదనం అంటోంది. 5×10×4 బేరింగులు రెండు తక్కువ. వాటి సంగతి వదిలేస్తాం, విశాఖలో తెచ్చుకుంటాం.

"మీ పిన్‌కోడ్‌కు రిటర్న్ పికప్ లేదు, సొంత ఖర్చుతో పంపండి" అన్నారు. డబ్బు తీసుకుని పార్సిల్ పంపినప్పుడు ఇదే పిన్‌కోడ్ పనికొచ్చింది కదా!

కుడి నకుల్ ఒకటి, 3.17 మి.మీ. షాఫ్ట్‌కు సరిపడే 48 పిచ్ పినియన్ ఒకటి, ఆయిళ్ల చిక్కదనం తెలిపే నంబర్లు మీ ఖర్చుతో స్పీడ్ పోస్టులో పంపండి. లేదంటే కిట్ మొత్తం మీరే తీయించుకుని డబ్బు వాపసు చేయండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాం, ఆపైన మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాం. కొన్నవాళ్లు ఉండే చోటే వేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది.

బిల్లు నకలు, నకుల్స్, గేర్ల ఫొటోలు జతచేశాం.

ఇట్లు,
రాయగడ నుంచి కిట్ కొన్న మిత్రులం